ఎర్ర ఊలు తొడిగిన లివరు

కుహ్మో,
ఫిబ్రవరి.

హిల్క్కా అక్కకు,

ఇందుమూలముగా ఫిన్లాండ్, స్వీడన్ దేశాల ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, నువ్వు అల్లి పంపిన మేజోళ్ళలో ఎడమది కుడిదానికంటే జానెడు పొడుగున్నందున, దానిని నేటినుండి కాఫీ ఫ్లాస్కుకు తొడుగుగా నియమించడమైనది. అప్పీలు లేదు.

ఇక్కడ నేనూ, మన చిన్నోడు ఎన్సియో, పిల్లీ కులాసా. గున్నార్ బావ నడుంనొప్పి తగ్గిందా? సౌనాలో బాగా ఆవిరి పట్టించు.

ఇక నీ ప్రశ్న. "చిన్నోడు చచ్చిపోయిన పెళ్ళాంతో మాట్లాడుతున్నాడట. ఇది నీ తుంటరి వేషమేనా? కాకపోతే బావని పంపి ట్రాక్టరు అమ్మించి, వాణ్ణి నా దగ్గరికి తెచ్చుకుంటాను" అని రాశావు. నీ కాఫీ డబ్బాలో ఎలుకను పెట్టినవాణ్ణి నమ్మడం కష్టమే గాని, వేషం కాదక్కా.

భుజం పట్టేశాక ఎన్సియో ట్రాక్టరు వెనకున్న దుంగలెత్తే క్రేను లివర్లు లాగలేకపోయాడు. అడవి పని పోతే వాడికింకేం మిగలదు. అందుకని ఒక్కో హైడ్రాలిక్ వాల్వుకు ఒక్కో చిన్న మోటారు బిగించి, వైర్లు క్యాబిన్లోకి లాగి, వేళ్ళతో తిప్పే జాయ్‌స్టిక్ పెట్టాను. కరెంటు పోతే చేత్తో లాగాలి కదా అని పాత లివర్లు ఉంచేశాను. చిక్కంతా అక్కడే వచ్చింది. లోపల జాయ్‌స్టిక్ కదిపితే బయట లివర్లు వాటంతటవే వంగుతాయి, లేస్తాయి.

వాడి పెళ్ళాం రౌహా బతికున్నన్నాళ్ళూ వాడు ట్రాక్టరు నడిపితే, ఆ లివర్లు లాగింది ఎప్పుడూ ఆమే. చలికి ఇనుము అరచేతిని కొరుకుతోందని వాటి గుండ్లకు ఎర్ర ఊలు తొడుగులల్లింది. ఇప్పుడొక్కటే మిగిలింది, పైకెత్తే లివరుకి. తెల్లటి మంచులో ఆ ఎర్ర తల ఒక్కటే మెల్లగా వంగి లేస్తుంటే, నాకు, ఈ వెయోకి, ఒక్క వెటకారం మాట కూడా తట్టలేదు.

"మెల్లగానే, దుంగ జారుద్ది" అన్నాడు ఎన్సియో వెనకద్దంలోంచి చూస్తూ.

"ఎవరితోరా?"

"నీతో కాదులే."

"తిప్పేది నీ వేలేరా, సన్నాసీ!"

"నా వేలికంటే ముందే కదుల్తోంది అన్నయ్యా. చూళ్ళేదా?"

"ఆ లివర్లు కోసి పారేస్తాను."

"ముట్టుకో చూద్దాం. ముందు నీ చెయ్యి కోస్తా!"

మొన్న గురువారం క్రేను పంజాలో బిర్చ్ దుంగ వేలాడుతుండగా ఏదో కొమ్మ అడ్డం పడింది. దాన్ని తీద్దామని వాడు ఎప్పటిలాగే జాయ్‌స్టిక్ స్విచ్చి కట్టేసి దిగాడు. ఇంజను నడుస్తూనే ఉంది. స్విచ్చి కట్టేస్తే ఆ లివర్లు చేత్తో లాగితే తప్ప కదలవు. కానీ పాత వాల్వులు కదా, పైనున్న బరువు మెల్లమెల్లగా దిగుతుంటుంది. వాడు దాని కిందే కాలు జారి పడ్డాడు. బూటు చెట్టు వేళ్ళ మధ్య ఇరుక్కుంది. దుంగ దిగుతోంది.

"రౌహా!" అని అరిచాడు. నా పేరు కాదు.

నేను క్యాబిన్లోకి ఎగబాకి, స్విచ్చి వేసి, జాయ్‌స్టిక్ లాగాను. ఎర్ర తల వంగింది. దుంగ లేచింది.

"నువ్వా లాగింది?" అన్నాడు నేను వాణ్ణి బయటికి ఈడుస్తుంటే.

"నేను కాక దెయ్యమా?"

ఇంటికొచ్చాక ఆ ఎర్ర తొడుగు విప్పి జేబులో పెట్టుకున్నాడు. అప్పట్నుంచి పనిలో ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. కాలికేం కాలేదు. కాబట్టి బావని పంపకు. చిన్నోడికి నయమైపోయింది.

ఇంతవరకూ రాసి కలం మూసేశాను. మళ్ళీ తీశాను.

నేను క్యాబిన్ ఎక్కాననడం శుద్ధ కల్పన అక్కా. అప్పుడు నేను చెట్ల అవతల మంట దగ్గరున్నాను. ఒక చేతిలో పుల్లకు గుచ్చిన సాసేజి, ఇంకో చేతిలో నీ మేజోడు తొడిగిన ఫ్లాస్కు. పరుగెత్తుకొచ్చేలోపే దుంగ లేచింది. క్యాబిన్ ఖాళీ. స్విచ్చి కట్టేసే ఉంది.

వాడికి చెప్పకు. పిచ్చిపట్టినవాణ్ణి తీసుకుపోవాల్సొస్తే నన్ను తీసుకుపో. కానీ ముందు ఎర్ర ఊలుతో ఇంకో తొడుగు అల్లి పంపు. ఆ లివరిప్పుడు వట్టి ఇనుము. ఈ చలికి చెయ్యి అంటుకుపోతుంది. ఎవరి చెయ్యని అడక్కు.

ఇట్లు,
నువ్వెప్పుడూ నమ్మని నీ తమ్ముడు
వెయో