కోళ్లకు ఎన్ని పూటలు

మణికొండ

ఈరమ్మక్కకు తమ్ముడు ఐలయ్య దండాలు. నేను క్షేమమే, సమ్మెలో బస్సులు లేక రాలేదు.

నువ్విచ్చిన రెండు కోళ్లు మా అపార్ట్‌మెంటు వెనుకే తిరుగుతున్నాయి కానీ, పది రోజులుగా గుడ్డు లేదు. బందులని ఆఫీసుకు పోని వాళ్లంతా వాటికి పొద్దంతా అన్నం, బిస్కెట్లు వేస్తున్నారు, కొవ్వెక్కి గుడ్డు మానేశాయి. వాచ్‌మన్‌ను కదా, వద్దనడానికి నాకు నోరు రాదు.

“ఇవి కూడా సమ్మెలో ఉన్నాయా అండి?” అని మూడో అంతస్తు పుణ్యవతమ్మ నవ్వింది.

“వచ్చే ఆదివారానికి గుడ్డు పెట్టకపోతే కూర చేసేద్దాం ఐలయ్యా,” అన్నాడు వాళ్లాయన.

“పొద్దుగాల పిడికెడు, మాపటికి పిడికెడు, గంతే,” అని నాకు చెప్పావు కదా, అదే పెద్దక్షరాలతో రాయించి వెంటనే పంపు. గేటుకు అతికిస్తాను. నన్ను తిట్టినట్టే వాళ్లనూ జర తిట్టు.

బర్రె ఈనిందా? బావకు దండాలు, పిల్లలకు దీవెనలు.

కాగితం కింద నీ పేరే పెట్టు, నా పేరు రానీయకు.