ఆరు గంటల బీపీ

జనవరి 20, సోమవారం

డాక్టర్ జయప్రకాశ్ ఇవాళ నన్ను క్యాబిన్‌లోకి పిలిచి కూర్చోమన్నారు. ఈ నర్సింగ్ హోమ్‌లో పదకొండేళ్లుగా చేస్తున్నాను. ఆ కుర్చీలో కూర్చోవడం ఇది రెండోసారి. మొదటిసారి పేషెంట్ ముత్తక్క చనిపోయిన మర్నాడు, పోలీసులకు ఏం చెప్పాలో నేర్పడానికి కూర్చోబెట్టారు.

ఈసారి సంగతి సినిమా అట. ఆయన బావమరిది ఫ్రెండ్ ఎవరో ఖమ్మంలో షూటింగ్ పెట్టాడు. ఆస్పత్రిలో పేషెంట్ చనిపోతే కోర్టులో కేసు నడిచే కథ. నర్సు వేషం వేసే అమ్మాయికి సిరంజి పట్టుకోవడం, బీపీ చూడడం నేర్పడానికి అసలు నర్సు కావాలన్నారట. మూడు నాలుగు రోజులు వెళ్లి రా శ్యామలా, లీవ్ కట్ చెయ్యను అన్నారు. ఆపైన నవ్వి, నువ్వూ మార్చిలో బోనెక్కేదానివేగా, కాస్త ప్రాక్టీస్ అవుతుంది అన్నారు.

ఆ మనిషికి నవ్వెలా వస్తుందో! కేసులో ముద్దాయి ఆయన. సాక్షిని నేను.

జనవరి 21, ఉదయం 7.10, ఖమ్మం బస్సులో

రాత వంకరగా వస్తోంది. పోనీ, ఎవరు చూడొచ్చారు.

ఎక్కడా రాయని సంగతి ఇక్కడ రాసేస్తాను. 2022 అక్టోబర్‌లో ముత్తక్కకు పొద్దున పదకొండింటికి సిజేరియన్ అయింది. ఆడపిల్ల. దుమ్ముగూడెం అవతల అడవిలో ఊరు వాళ్లది. డాక్టర్ గారు ఆపరేషన్ చేసి ఖమ్మంలో పెళ్లికి వెళ్లిపోయారు. సాయంత్రం నాలుగింటికి ఆయా సైదమ్మ పరుగెత్తుకొచ్చి, జల్దీ రా అక్కా, పక్క మొత్తం తడిసిపోయింది అంది. వెళ్లి చూస్తే అంతా రక్తం. ఫోన్ చేశాను. ఇంజెక్షన్ చెయ్యి, రక్తం తెప్పించు, బయల్దేరుతున్నా అన్నారు. ఆ గ్రూపు ఇక్కడ లేదంటే ముత్తక్క మొగుడు పగిడయ్య ఎవరిదో బండి అడుక్కుని కొత్తగూడెం పోయాడు. నాలుగున్నరకు మళ్లీ ఫోన్ చేసి, సర్కారు దవాఖానాకు మార్చేస్తాను సార్, ఐదు నిమిషాల దూరం కదా అన్నాను. కదిలించావంటే ఊరుకోను, మన పేరు పోతుంది అన్నారు.

నేను కదిలించలేదు. ఐదూ నలభైకి ప్రాణం పోయింది. పగిడయ్య ఆరుంబావుకు రక్తం సంచీ తెచ్చాడు. తలుపు దగ్గర దాన్ని నా చేతికిచ్చి, సరిపోతదా సిస్టరమ్మా అని అడిగాడు. నేను తీసుకుని లోపలికెళ్లాను. డాక్టర్ ఆరూ నలభైకి వచ్చారు. ఆరూ యాభైకి హఠాత్తుగా గుండె ఆగిందని ఆయనే బయటికెళ్లి చెప్పారు. కాగితం మీద కూడా అదే టైము.

పోలీసులు అడిగితే నేనూ అదే చెప్పాను. దొంగమొహం దాన్ని.

జనవరి 22, బుధవారం

ఏసీ ఫంక్షన్ హాల్లో కోర్టు కట్టారు. కట్టె బోను, ఎర్ర తివాచీ, జడ్జి వెనకాల ఇంత ఎత్తు సింహాసనం. నర్సు వేషం అమ్మాయి పేరు రాజ్యశ్రీ. మంచి పిల్ల. నన్ను అక్కా అంటోంది. సిరంజిలోంచి ఎయిర్ బబుల్ తీయడం పది నిమిషాల్లో నేర్చుకుంది. మా ట్రైనీలకు పది రోజులు పట్టేది.

సీన్ పేపర్ చూపించింది. డాక్టర్ తరఫు లాయర్ బల్ల గుద్ది అరుస్తాడు. నర్సు వణుకుతుంది. చివరికి, కేస్ షీట్ మార్చింది నేను కాదు, ఈ డాక్టరే అని వేలెత్తి చూపిస్తుంది. హాలంతా లేచి నిలబడుతుంది. డాక్టర్‌కు బేడీలు.

ఎంత సులువు!

జనవరి 23, గురువారం

ఇవాళ పరువు పోయింది. రాజ్యశ్రీకి బీపీ చార్ట్ నింపడం చూపిస్తున్నాను. చేతి అలవాటు కదా, మాట్లాడుతూ మాట్లాడుతూనే రెండింటి నుంచి ఆరింటి దాకా గడులన్నీ గబగబా నింపేశాను. ఆ పిల్ల కళ్లు ఇంతింత చేసి, అక్కా, ఇంకా చూడకుండానే రాస్తారా అంది.

రాస్తాం తల్లీ. పదకొండు బెడ్లకు ఒక్క నర్సు ఉన్నచోట డ్యూటీ ఎక్కగానే ఆరింటి దాకా రాసి పెట్టుకుంటాం. నాకు నా సీనియర్ నేర్పింది, నేను నా జూనియర్లకు నేర్పాను. అన్నిట్లో ఒకటే నంబర్ పెడితే దొరికిపోతావు, కాబట్టి ఒకచోట 110, ఒకచోట 114, మళ్లీ 110. తర్వాత వీలైతే వెళ్లి చూస్తాం. తేడా ఉంటే దిద్దుతాం. నూటికి తొంభై తొమ్మిది మందికి తేడా ఉండదు.

ముత్తక్కకు కూడా రెండింటికే అన్నీ రాసేశాను. నాలుగింటికి 110/70. ఐదుకు 114/72. ఆరింటికి 110/74. ఆ సాయంత్రం డాక్టర్ ఆ షీట్ చూసి గట్టిగా ఊపిరి పీల్చుకుని, దీన్ని ముట్టుకోకు శ్యామలా, బంగారం ఇది అన్నారు.

డైరెక్టర్‌ను ఊరికే అడిగినట్టు అడిగాను, షీట్‌లో తప్పు రాసింది నర్సే అయితే సీన్ ఎలా ఉంటుంది సార్ అని. ఆయన టీ తాగుతూ, అప్పుడు ఆడియన్స్ ఎవరి వైపు ఉండాలమ్మా, అది సినిమా కాదు అన్నారు.

జనవరి 24, శుక్రవారం, మధ్యాహ్నం 2.30



రాజ్యశ్రీకి జ్వరం. లైటింగ్ చూసుకోవాలి, ఎవరో ఒకరు బోనులో నిలబడండి అన్నారు. నర్సు డ్రెస్ వేసుకున్నది నేనొక్కదాన్నే. ఎక్కాను. ఎదురుగా లాయర్ వేషం ఆయన ఊరికే నిలబడలేక డైలాగ్ మొదలుపెట్టాడు. చెప్పమ్మా, ఆ రోజు ఏం జరిగింది అని అరిచాడు.

ఏం పూనిందో నాకు. నాలుగింటికి పక్క తడిసింది అన్నాను. ఇక ఆగలేదు. ఫోన్లు, సర్కారు దవాఖానా, ఐదూ నలభై, అన్నీ వరసగా వచ్చేశాయి. ముత్తక్క నా చెయ్యి పట్టుకుని, పాప ఏడుస్తుంది, పాలియ్యాలె అందని కూడా చెప్పాను. ఆ మాట రెండేళ్లకు పైగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పడం అయ్యేసరికి అందరూ పనులాపి నా వైపే చూస్తున్నారు. లైట్‌మన్ ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ కొట్టారు. డైరెక్టర్ వచ్చి, ఏంటమ్మా ఇంత బాగా చేశావు అన్నారు.

చెయ్యడం కాదయ్యా అది.

బస్టాండ్ దాకా ఏడుస్తూ నడిచాను. కానీ ఒంట్లోంచి ఏదో బరువు దిగింది. చెప్పొచ్చన్నమాట. నోరు తెరిస్తే మాట వస్తుందన్నమాట. జనం వింటారన్నమాట. మార్చిలో అసలు కోర్టులోనూ ఇదే చెప్తాను. ఉద్యోగం పోతే పోనీ.

ఫిబ్రవరి 11, మంగళవారం

వీక్లీ ఆఫ్. దుమ్ముగూడెంలో దిగి, ఆటోలో కొంత, నడిచి కొంత పోయి పగిడయ్యను కలిశాను. ముఖం చెల్లక వాకిట్లోనే నిలబడ్డాను. మనిషి సగమయ్యాడు. పిల్ల వాళ్ల నాయన పంచె వెనక దాక్కుని తొంగి చూసింది. అచ్చం ముత్తక్క కళ్లు.

కోర్టులో నిజం చెప్తానన్నాను. ఆయన పిల్లను ముందుకు లాక్కుని తల నిమిరాడు. తర్వాత, గట్ల చెప్తె నీ నౌకరి పోదా సిస్టరమ్మా అన్నాడు. పోతుందన్నాను. ఆయన తల ఊపి, డాక్టర్‌కు జైలు పడ్తదని నాకేం లేదు, నా ఆడిది ఉత్తగ గుండె ఆగి పోలేదని అక్కడెవరన్న గట్టిగ అంటె చాలు, పోరికి రేపు చెప్పుకుంట అన్నాడు. కూర్చోమని మంచం వాల్చి మంచినీళ్లిచ్చాడు.

చార్ట్ సంగతి చెప్పలేదు. ఐదూ నలభై సంగతీ చెప్పలేదు. తను తెచ్చిన రక్తం ఎక్కిస్తుండగానే పోయిందని ఆయన ఇప్పటికీ అనుకుంటున్నాడు.

మార్చి 4

సైదమ్మను సాక్ష్యానికి రమ్మని బతిమాలాను. అక్కా, నేనారోజు డ్యూటీకి రాలేదని పోలీసులకు రాసిచ్చిన గదా అని గిన్నెలు కడుక్కుంది.

మార్చి 12, బుధవారం, సాయంత్రం 5

అయిపోయింది. వరసగా రాస్తాను, లేకపోతే పిచ్చెక్కేలా ఉంది.

అసలు కోర్టుకు తివాచీ లేదు. బోను కూడా సరిగ్గా లేదు, నడుం దాకా ఒక కమ్మీ, అంతే. ఫ్యాన్ చప్పుడుకు ఎవరి మాట ఎవరికీ వినపడదు. బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచాడు. సర్కారు లాయర్ ఫోన్ చూసుకుంటూనే అడిగాడు. నేను అన్నీ చెప్పాను. నాలుగింటి ఫోన్, నాలుగున్నర ఫోన్, కదిలించొద్దనడం, ఐదూ నలభైకి ప్రాణం పోవడం, అన్నీ. చెప్తూ ఒకసారి పగిడయ్య వైపు చూశాను. వెనక బెంచీ మీద ఉన్నాడు. ఐదూ నలభై అన్నప్పుడు ఆయన తలెత్తాడు. వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు. తర్వాత నేను అటు చూడలేదు.

జడ్జి గారు నా మాటలు ఇంగ్లీషులో టైపిస్ట్‌కు చెప్తున్నారు. నేను ఏడుపు ఆపుకుంటూ పావుగంట చెప్పింది ఆయన నోట్లో నాలుగు లైన్లయింది. పాలియ్యాలె అన్న మాట టైపు కాలేదు.

తర్వాత డాక్టర్ తరఫు లాయర్ వెంకటరామారావు గారు లేచారు. అరుస్తారని కాళ్లు బిగించి నిలబడ్డాను. ఆయన అరవలేదు. బల్ల గుద్దలేదు. మంచినీళ్లు తాగుతావా అమ్మా అన్నారు. ఆ తర్వాత కేస్ షీట్ నా చేతికిచ్చి, ఈ రాత నీదేనా అమ్మా అన్నారు. నాదే అన్నాను. నాలుగింటికి 110/70 రాసింది నువ్వేనా? నేనే. ఐదింటికి? నేనే. ఆరింటికి 110/74? నేనే.

మరి ఐదూ నలభైకి చనిపోయిన మనిషికి ఆరింటికి బీపీ ఎలా చూశావమ్మా అన్నారు.

ఎవరో కిసుక్కున నవ్వారు.

రెండింటికే రాసి పెట్టానన్నాను. అందరం అలాగే చేస్తామన్నాను. ఆయన చాలా నెమ్మదిగా, అంటే చూడకుండా, జరగకుండా రాసే అలవాటు నీకుంది అన్నారు. ఉంది అన్నాను. రక్తం పోతోందని ఎక్కడైనా రాశావా? లేదు. డాక్టర్‌కు ఫోన్ చేశానని రాశావా? లేదు. పోలీసులకు ఈ మాట చెప్పావా? లేదు. మరి ఇవాళ చెప్పేది కూడా అలా రాసుకొచ్చిందేనా తల్లీ అన్నారు.

ఫోన్ రికార్డులు తీయండి సార్ అని జడ్జి వైపు తిరిగాను. పాత రికార్డులు ఇప్పుడు దొరకవని సర్కారు లాయర్ కూర్చున్న చోటు నుంచే అన్నాడు. జడ్జి గారు నన్ను అడిగిన దానికే జవాబు చెప్పమన్నారు. అంతే. పదకొండు నిమిషాలు. నెక్స్ట్ కేసు ఏదో గట్టు తగాదా.

సంతకం పెట్టమన్నారు. పెట్టాను. నా సంతకం చూస్తే నాకే అసహ్యమేసింది. బయటికొచ్చేసరికి పగిడయ్య లేడు.

మార్చి 13

ఇవాళ్టి నుంచి డ్యూటీకి రావద్దన్నారు.

మార్చి 30, ఆదివారం, పొద్దున

రాజ్యశ్రీ వాయిస్ మెసేజ్ పెట్టింది. కోర్టు సీన్ అదిరిపోయిందట, ఎడిటింగ్‌లో చూసినవాళ్లందరూ ఏడ్చారట. ఆ రోజు మీరు బోనులో చెప్పింది ఎవరో ఫోన్‌లో తీశారక్కా, అది చూసి అలాగే చెప్పాను, పాలివ్వాలి అనే మాట కూడా పెట్టారు అంది. మార్చిలో సాక్ష్యం ఉందన్నారుగా, మీ కేసు ఏమైంది అని అడిగింది.

రెండుసార్లు విన్నాను.

ఏప్రిల్ 28, సోమవారం

తీర్పు. డాక్టర్ జయప్రకాశ్ నిర్దోషి.

మూడో సాక్షినైన నా మాట నమ్మదగింది కాదట. ఆమె స్వహస్తాలతో రాసిన రికార్డు ప్రకారమే ఆరు గంటల వరకు పేషెంట్ పరిస్థితి నిలకడగా ఉందట. దొంగ రికార్డు రాశానని ఒప్పుకున్నందుకు నా మీద చర్య తీసుకోమని నర్సింగ్ కౌన్సిల్‌కు కాపీ పంపుతారట. గమ్మత్తేంటంటే, దొంగ రికార్డు అన్నది నాకు శిక్ష కోసం నిజం. ఆయన విడుదల కోసం ఆ రికార్డే నిజం. ఎవరితో మొత్తుకోను?

అబద్ధం చెప్పినప్పుడు ఉద్యోగం ఉంది, నమ్మారు. నిజం చెప్పాను, ఏమీ మిగల్లేదు. నా పిచ్చిగానీ, ఆ ఫంక్షన్ హాల్లో కొట్టిన చప్పట్లు చూసి లోకం అంతేననుకున్నాను. పోనీ నా సంగతి వదిలెయ్. పగిడయ్య అడిగింది ఒక్కటే. ఉత్తగా పోలేదని ఎవరన్నా గట్టిగా అనాలని. అన్నాను కదా. గట్టిగా అన్నాక జరిగింది ఇదీ.

మే 16, శుక్రవారం

బీడీల తునికాకు ఏరుడు మధ్యలో వదిలేసి పగిడయ్య మా ఇంటికొచ్చాడు. చేతులు నల్లగా ఉన్నాయి. పిల్లను చంకన ఎత్తుకున్నాడు. లోపలికి రాలేదు. తిట్టడానికే వచ్చాడనుకున్నాను. తిడితే బాగుండేది.

ఆరుగంటలకు నేను గోదారి బ్రిడ్జి మీదున్న, రక్తం పొట్టకు కట్టుకుని వస్తున్న అన్నాడు. నువ్వు కోర్టుల ఒకటి చెప్పినవ్, కాయితంల ఒకటి రాసినవ్, జడ్జి గూడ కాయితమే నిజమన్నడు అన్నాడు. నా మొహంలోకి చూస్తూ, నేను బ్రిడ్జి మీదున్నప్పుడు ఆమె ఉన్నదా సిస్టరమ్మా అని అడిగాడు.

ఉంది అన్నాను.

బీపీ బాగుండెనా అన్నాడు.

నూటపది, డెబ్బై నాలుగు అన్నాను.