ఇరవై ఆరు రోజులు ఆగి ఉంటే

మార్చి 4

మిగులు భవనాల విభాగం సూపరింటెండెంటు గారికి, పరుపులు కుట్టే దూదమ్మ నమస్కారాలు.

నాకు వేరే పేరుంది గానీ ఆ పేరుతో పిలిస్తే నేనే పలకను. మా షెడ్డు పక్కన మీ పాత తూనికల పరీక్ష గది తొమ్మిదేళ్ళుగా తాళం వేసి ఉంది. మా కప్పు కురుస్తుంది. దూదికి తడి తగిలిందంటే ఇక దాని పని అయిపోయినట్టే. ఆసుపత్రి వాళ్ళు రెండొందల పరుపులు అడిగారు. వానలు రాకముందే పొడి చోటు దొరక్కపోతే నేనూ, నా దగ్గర కుట్టే నలుగురు ఆడవాళ్ళూ రోడ్డున పడతాం. ఆ గది నాకు అద్దెకిప్పించండి.

ఇట్లు,
దూదమ్మ

తా.క.: తాళంచెవి కోసం వెతుక్కోకండి. ముందు తలుపుకు తాళం భద్రంగానే ఉంది. వెనక తలుపే లేదు.

మార్చి 20

దూదమ్మ గారికి, సూపరింటెండెంటు రాయునది.

మీ ఉత్తరం చేరింది. మా విభాగానికి ఉత్తరాలు రావడమే అరుదు, చాలా సంతోషించాను. అయితే ఒక చిక్కుంది. మూడేళ్ళపాటు ఒక్క ఉత్తరమూ రాని ప్రభుత్వ భవనాన్నే మిగులు భవనం అంటారు. అలాంటిదాన్నే అద్దెకివ్వగలం. ఈ నియమం ఏ ఆఫీసుకైనా ఒకటే. ఆ గది గురించి మీ ఉత్తరం వచ్చింది కాబట్టి అది వాడుకలో ఉన్నట్టే. మూడేళ్ళూ మళ్ళీ మొదటినుంచి మొదలవుతాయి.

భవదీయుడు,
సూపరింటెండెంటు

తా.క.: మీరింకో ఇరవై ఆరు రోజులు ఆగి రాసి ఉంటే గది మీకే వచ్చేది. తొందరపడ్డారు.

ఏప్రిల్ 1

అయ్యా, నమస్కారం.

గది అడిగితే గది వాడుకలో ఉందంటారా? ఆకలేస్తోంది అన్నవాణ్ణి అన్నం తిన్నట్టు రాసుకున్నారు మీరు! సరే, నా ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను. చించెయ్యండి, పొయ్యిలో పెట్టండి, నేను అసలు రాయలేదనుకోండి. వానలకి రెండు నెలలే ఉంది. మీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

ఇట్లు,
ఉత్తరం రాయని దూదమ్మ

తా.క.: మా అత్తగారు అడగమన్నారు. ఊళ్ళో అందరి కాగితాలూ పోగొట్టే ఆఫీసులు మన కాగితం దగ్గరే ఇంత జాగ్రత్త ఎందుకు పడ్డాయి?

మే 10

దూదమ్మ గారికి,

మీ రెండో ఉత్తరం కూడా చేరింది. మొదటిది వెనక్కివ్వాలంటే ముందు అది వచ్చిందని ఒప్పుకోవాలి కదా, ఒప్పుకున్నాం. ఒక్క నెలలో ఒక గదికి రెండు ఉత్తరాలు వచ్చాయంటే పై అధికారులు నోరెళ్ళబెట్టారు. ఇంత రద్దీ ఉన్న ఆఫీసుకు మనిషి లేకపోవడం అన్యాయమని అక్కడ ఒక అటెండరును వేశారు. కాబట్టి ఆ గదిని మా పరిధిలోంచే తీసేశాం. ఇదంతా మీ చలవే. అభినందనలు.

భవదీయుడు,
సూపరింటెండెంటు

తా.క.: అటెండరుకు కుర్చీ ఇంకా మంజూరు కాలేదు. ఒక పరుపు సర్దగలరా?

జూలై 2

అయ్యా,

వాన వచ్చింది. మా షెడ్డులో ఎనభై పరుపులు తడిసి ముక్కిపోయాయి. ఆసుపత్రి వాళ్ళు మిగతావి వద్దన్నారు. నలుగురిలో ఇద్దర్ని మానిపించాల్సి వచ్చింది. వాళ్ళకి ఆ మాట చెప్పలేక మా అత్తగారి చేత చెప్పించాను. గోడకి అవతల మీ అటెండరు మాత్రం పొడి గదిలో, నా పరుపు మీద, హాయిగా గుర్రు పెడుతున్నాడు. ఇక జన్మలో మీకు ఉత్తరం రాయను.

దూదమ్మ

తా.క.: దీనికి జవాబు రాశారో, ఊరుకోను.

జూలై 15

దూదమ్మ గారికి,

మీ ఉత్తరం 5వ తేదీన చేరింది. మీరు కోరినట్టే జవాబు రాయబోమని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

భవదీయుడు,
సూపరింటెండెంటు

తా.క.: ఇది అందినట్టు ఒక ముక్క రాయండి.

మూడేళ్ళ తర్వాత, జూన్ 23

దయగల దూదమ్మ గారికి,

బాగున్నారా? అత్తగారు బాగున్నారా? మీరు అలిగి రాయడం మానేశాక మా విభాగానికి ఒక్క ఉత్తరం కూడా రాలేదు. జూలై 5తో మూడేళ్ళు నిండుతాయి. ఆ మర్నాడు మా ఆఫీసే మిగులు భవనం! పదకొండేళ్ళుగా ఈ పెద్ద హాల్లో, పొద్దంతా ఎండ పడే కిటికీ పక్కన కూర్చున్నవాణ్ణి. ఇంకెక్కడా కూర్చోలేను తల్లీ. మాకు మేమే రాసుకుంటే చెల్లదట. ఈ పన్నెండు రోజుల్లో ఒక్క ఉత్తరం పడేయండి. తిట్టినా సరే.

మీ సోదరుడి లాంటి
సూపరింటెండెంటు

తా.క.: స్టాంపు అంటించి, మా చిరునామా రాసిన కవరు జతచేశాను. ఖాళీగా పంపినా చాలు.

జూలై 21

సూపరింటెండెంటు గారికి, దూదమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం జూన్ 25న అందింది. చదివితే పాపం అనిపించింది. వెంటనే కలం కూడా తీశాను. అంతలో ముక్కిన దూది వాసన గుర్తొచ్చింది. సరిగ్గా ఇరవై ఆరు రోజులు ఆగాను. ఆగి రాస్తే పనవుతుందని చెప్పింది మీరే కదా.

ఈలోగా జూలై 6న మీ ఆఫీసును మిగులు భవనాల జాబితాలో వేశారు. మర్నాడే పై ఆఫీసుకు నేనే నడిచివెళ్ళి, దరఖాస్తు చేతికిచ్చి, అద్దె మాట్లాడుకున్నాను. మానిపించిన ఇద్దర్నీ మళ్ళీ పిలిచాను. మీరన్నట్టే హాల్లో పొద్దంతా ఎండ. మీ కిటికీ దగ్గర దూది భలే ఆరుతోంది.

మీరు పంపిన కవరు వృథా పోనివ్వలేదు, ఇది అందులోనే పెడుతున్నాను. పైన మీరు రాసిన చిరునామా మాత్రం కొట్టేశాను. అక్కడ ఇప్పుడు నేనుంటున్నాను.

ఇట్లు,
మీ సోదరి లాంటి దూదమ్మ

తా.క.: మిమ్మల్ని ఆ తూనికల గదికే వేశారట. అటెండరు చీపురు కోసం వారానికో ఉత్తరం రాస్తున్నాడు, లేదని పై ఆఫీసు నుంచి వారానికో జవాబొస్తోంది కాబట్టి ఆ ఆఫీసుకు ఢోకా లేదు. వెనక తలుపు ఇంకా పెట్టలేదు, పరుపు ఒక్కటే ఉంది. మీకూ ఒకటి కావాలంటే వచ్చి అడగండి. ఉత్తరం మాత్రం రాయకండి.