డబ్బా మీద పేరు

జూన్ 3, సోమవారం

మేనేజర్ గారికి మళ్లీ ఊపొచ్చింది. మన షేడ్ కార్డు మరీ పాతబడిపోయిందట, సగం పేర్లు మార్చేయాలట. మార్చాల్సింది ఎవరు? నేనే. ఈ పెయింట్ కంపెనీలో నా ఉద్యోగం రంగులకు పేర్లు పెట్టడం, ఒక్కో పేరు కింద రెండు లైన్లు ముద్దుగా రాయడం. పిల్లలకు పేర్లు పెట్టే వయసులో గోడలకు పెట్టుకుంటున్నావని అక్క దెప్పుతూనే ఉంటుంది.

ముందుగా వేటు పడింది ‘తరళ’ మీద. లేత గులాబీలో కాస్త పసుపు కలిసిన రంగు. కార్డులో మిగతావన్నీ ‘వెన్నెల వాకిలి’, ‘తేనె మబ్బు’ అంటూ జంటగా ఉంటే ఇదొక్కటే ఒంటరిగా ఉంటుంది. ఎవరు పెట్టారో ఆఫీసులో ఎవరికీ తెలియదు. డిక్షనరీ తీశాను. చలించేది, మెరిసేది అని ఉంది. చలించే గోడని ఎవడు కొంటాడన్నారు మేనేజర్ గారు, తన జోక్‌కి తనే పడీపడీ నవ్వారు. ‘పీచ్ మిస్ట్’ అని మార్చేద్దామన్నారు. వచ్చే వారం శుక్రవారం మధ్యాహ్నం మీటింగ్‌లో ఖరారు చేస్తారు.

నిజం చెప్పాలంటే నాకు ఆ పేరంటే కొంచెం కుళ్లు. నేను పెట్టినవాటిలో అంత బాగున్నది ఒక్కటీ లేదు.

జూన్ 4

కస్టమర్ కేర్ అమ్మాయి సెలవు పెట్టింది. ఫోన్లన్నీ నా నెత్తిన పడ్డాయి.

ఒకావిడ షాపులో తరళ లేదన్నారని కస్సున లేచింది. ఆ రంగు ఆపేస్తారేమో, పేరు కూడా మారొచ్చు అని నోరు జారాను. అలా ఎలా మారుస్తారు, మా అమ్మాయికి ఆ పేరు మీ డబ్బా చూసే పెట్టుకున్నాం అంది.

నవ్వేశాను. ఆవిడకి ఒళ్లు మండింది. నవ్వితే నవ్వు గానీ విను అని చెప్పుకొచ్చింది. ప్రసూతి ఆసుపత్రి వార్డు గోడలన్నీ అదే రంగట. ఖాళీ డబ్బాలు వరండాలో స్టూళ్లుగా వేశారట. వాళ్లాయన పొద్దుట్నుంచీ ఒక డబ్బా మీద కూర్చుని, ఎదురుగా ఉన్న డబ్బా మీద బ్రష్‌తో రాసిన పేరు చదువుతూ ఉన్నాడట. ఆడపిల్ల పుట్టిందనగానే ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదేనట. ఆయన అలాంటి మంచి పని చెయ్యడం అదే మొదలు, అదే చివర అని కూడా అంది.

కూతురిప్పుడు కాలేజీలో చదువుతోందట. ఆ వార్డులో అదే వారం ఇంకో ఇద్దరు తరళలు వెలిశారట.

జూన్ 5

లంచ్ మానేసి ఆ ఆసుపత్రికి వెళ్లాను.

గోడలు ఇంకా అదే రంగు. కార్డు మీద అంగుళం ముక్కగా చూడటం వేరు, పొడుగాటి గది నిండా చూడటం వేరు. కిటికీలోంచి వచ్చే వెలుతురు ఆ గోడకి తగిలి మంచాల మీద పడుతుంటే అలసిపోయిన తల్లులు కూడా బాగా నిద్రపోయి లేచినవాళ్లలా ఉన్నారు. పసిగుడ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంత అందమైన రంగుని నేను ఇన్నాళ్లూ షేడ్ కార్డు మీది నంబరుతో పిలుస్తూ వచ్చాను.

హెడ్ నర్సు గారు హడావుడి మనిషి. నడుస్తూనే మాట్లాడారు. రంగు మార్చుదామని ఎవరైనా అంటే ఆవిడే అడ్డం పడతారట. ఈ గోడల మధ్య ఏ బిడ్డయినా మొదటి చూపుకే ముద్దొస్తాడు, బయటికెళ్లాక మీ ఖర్మ అన్నారు. తరళలు ఎంతమంది అంటే చేతులెత్తేశారు. టీకాల గదిలో ఆ పేరు పిలిస్తే ఇద్దరు ముగ్గురు తల్లులు ఒకేసారి లేస్తారట.

డబ్బా స్టూళ్లు ఇంకా ఉన్నాయి. ఒక దాని మీద పాత చేతిరాత, సగం చెరిగిపోయి.

జూన్ 6

డబ్బా మీదికి ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

జూన్ 7

ఫ్యాక్టరీలో అందరూ ఒకే మాట అన్నారు, రిటైరైన ఫోర్‌మన్ గారిని అడగమని. ఆయన ఇల్లు వెనక వీధిలోనే. వరండాలో ఒక్కరే కూర్చుని రెండు వైపులా తనే క్యారమ్స్ ఆడుకుంటున్నారు, ఓడిపోతున్నానని విసుక్కుంటున్నారు కూడా.

పేరు ఎత్తగానే కిసుక్కున నవ్వారు. రండి తల్లీ కూర్చోండి అన్నారు.

ఆ రోజుల్లో మిక్సింగ్ హాల్లో ఒక ఆనవాయితీ ఉండేదట. ఎవరైనా బ్యాచ్ చెడగొడితే ఆ సరుకుని వాళ్ల పేరుతోనే పిలవడం. ఆయన పేరు మీద కూడా ఒక ఆకుపచ్చ ఉండేదట, నెలరోజులైనా ఆరలేదట. రెండు రోజులు ఏడిపించి అందరూ మర్చిపోయేవారట.

తరళ అనే అమ్మాయి కొత్తగా చేరింది. హాల్లో ఒకే ఒక్క ఆడపిల్ల. ఏదో స్కూలుకి తెల్ల రంగు కలపమన్నారు. ఎరుపూ పసుపూ అడుగున మిగిలిపోయిన ట్యాంకుని కడగకుండా అందులోనే కలిపేసింది. సరుకంతా ఈ రంగుకి తిరిగింది. మామూలుగానే దాన్ని తరళ అన్నారు. కానీ ఈసారి రెండు రోజులతో ఆగలేదు. పేరు నోటికి బాగుంది కదా, అతుక్కుపోయింది. ఎవరు ఏ తప్పు చేసినా తరళ చేశావన్నారు. లారీ ఆలస్యమైతే తరళ. టీలో పంచదార మర్చిపోతే తరళ. ఆరు నెలలు భరించి ఆ అమ్మాయి మానేసింది.

ఇంతవరకూ నవ్వుతూనే చెప్పారు ఫోర్‌మన్ గారు. ఆ తర్వాత నవ్వలేదు. క్యారమ్ బోర్డు వైపే చూస్తూ చెప్పారు.

ఆ పాడైపోయిన సరుకుని ఆసుపత్రి వాళ్లు ఊరికే ఇస్తే చాలని పట్టుకెళ్లారట. మంచి సరుకులో కలిసిపోకుండా డబ్బాల మీద బ్రష్‌తో పేరు రాసింది ఈయనే. ఏడాది తిరక్కుండా వాళ్లు ఇంకో వార్డు కట్టి, మాకు తరళే కావాలని ఫోన్ చేశారు. ఓనర్ గారు హాల్లోకి దిగి తరళ ఎక్కడ అని అడిగితే, ఎప్పుడో మానేసిందండీ అన్నారట అందరూ. చివరికి తలలు బద్దలు కొట్టుకుని ఆ రంగుని మళ్లీ పట్టుకున్నారు. జనం ఆ పేరుతోనే అడుగుతున్నారు కాబట్టి ఆ పేరే అచ్చు వేశారు.

ఆ అమ్మాయికి ఇదంతా తెలుసా అని అడిగాను. ఎవరు చెప్తారు తల్లీ, చెప్పే మొహం ఎవరికుంది అన్నారు.

జూన్ 8

కథంతా చెప్పగానే మేనేజర్ గారు ఎగిరి గంతేశారు. ఇంత కథ పెట్టుకుని పీచ్ మిస్ట్ ఏంటి నాన్సెన్స్ అన్నారు, అదేదో నా ఐడియా అయినట్టు. లీగల్ మేడమ్ వచ్చి గాలి తీసేసింది. బతికున్న మనిషి పేరు అని తెలిశాక ఆ మనిషి సరే అనకుండా వాడటానికి వీల్లేదట. ఆ తరళ నోటితో ఒక్క మాట చాలు. అది శుక్రవారం మీటింగ్ లోపు రావాలి. లేదంటే పీచ్ మిస్టే.

జూన్ 10, సోమవారం, సాయంత్రం

దొరికింది. ఫోర్‌మన్ గారి భార్యకి ఆచూకీ తెలుసు. ఊరికి ఆ చివర బ్యాగులు రిపేరు చేసే షాపు. వీధంతా ఆవిడని బ్యాగులక్క అంటారు. పొట్టి మనిషి, మెళ్లో టేపు, పళ్ల మధ్య సూది.

తరళ గారేనా అన్నాను. సూది తీసి పక్కన పెట్టారు. అలాంటివాళ్లు ఇక్కడ ఎవరూ లేరన్నారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చానన్నాను. అంతే, మొహం మాడిపోయింది.

అంతా చెప్పాను. వార్డు, డబ్బాలు, కాలేజీ అమ్మాయి, శుక్రవారం లోపు ఆవిడ సరే అనాలన్న సంగతి. ఒక్క ముక్క నమ్మలేదు. ఇన్నేళ్లయినా మీ వాళ్లకి నాతో ఆటలు తీరలేదా అన్నారు. రోడ్డు మీద ఎవరైనా ఆ పేరు గట్టిగా పిలిస్తే ఫ్యాక్టరీ వాళ్లే ఏడిపిస్తున్నారనుకుని, వెనక్కి చూడకుండా నడక వేగం పెంచేవారట. పాపం, ఏ తల్లో తన కూతుర్ని పిలుచుకుని ఉంటుంది.

ఆ పేరు పెట్టింది వాళ్ల నాన్నగారట. ప్రెస్సులో అక్షరాలు పేర్చేవారు. ఒక పద్యాల పుస్తకంలో ఆ మాట ఆయన చేతికి తగిలింది, కూతురు పుట్టేదాకా మనసులో దాచుకున్నారు. కూతురు ఫ్యాక్టరీ నుంచి రాగానే ఈ రోజు ఏం జరిగిందమ్మా అని అడిగేవారట. నువ్వు అపురూపంగా ఇచ్చిన పేరు అక్కడ తిట్టు అయిందని ఆయనకి ఎలా చెప్పను అన్నారు. ఆయనకి చెప్పకుండానే మానేశారు.

డబ్బా మీంచి ఆ పేరు తీసేయండి, అదే మీరు నాకు చేసే మేలు అన్నారు. ఏడుపొచ్చింది, అక్కడ కాదు, బస్సులో.

జూన్ 11

తీసేయమంటే తీసేయాలి. ఆవిడ పేరు. కానీ ఆ పేరు ఏమైందో చూడకుండా తీసేయమంటున్నారు. అది నాకు మింగుడు పడటం లేదు.

జూన్ 12

నా బ్యాగు జిప్పు నేనే తెంపుకుని వెళ్లాను. ఆవిడ జిప్పు వైపు చూశారు, నా వైపు చూశారు, కావాలని తెంపినట్టుందే అమ్మాయ్ అన్నారు. కుట్టి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు.

లేవబోతుంటే అడిగారు, ఇంతకీ ఆ రంగు బాగుంటుందా అని. ఆ రోజు ట్యాంకు వైపు సరిగా చూడనే లేదట, అందరూ చుట్టూ మూగి నవ్వుతుంటే తల దించుకున్నారట. మీరే వచ్చి చూడండి అన్నాను. చాలాసేపు పళ్ల మధ్య సూదిని అటూ ఇటూ తిప్పారు. తర్వాత షట్టరు దించారు.

వార్డు గుమ్మంలో ఆగిపోయారు. గోడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు. ట్యాంకు కడగాలని నాకెవరూ చెప్పలేదు అన్నారు, గోడతోనే అన్నట్టు.

ఇంతలో టీకాల గదిలోంచి పేరు పిలిచారు. ఇద్దరు తల్లులు లేచారు. నీదా నాదా అని నవ్వుకుంటూ ఒకరినొకరు చూసుకున్నారు. బ్యాగులక్క చటుక్కున పక్కనున్న డబ్బా మీద కూర్చుండిపోయారు. వెనకగా ఉన్న తల్లిని దగ్గరికి పిలిచి, పాపకి ఆ పేరెందుకు పెట్టావని అడిగారు. రంగు గురించి ఆ తల్లికి ఏమీ తెలియదు. మా వీధిలో తరళక్క ఉందండీ అంది. ఈ ఆసుపత్రిలోనే పుట్టిందట, వాళ్ల వీధిలో మొదట ఉద్యోగానికి వెళ్లిన ఆడపిల్లట, ఎవరికీ జంకదట. నా కూతురు కూడా అంత గట్టిది కావాలని పెట్టుకున్నా అంది.

పాపని ఒకసారి ఇస్తావా అన్నారు బ్యాగులక్క. ఎత్తుకున్నారు. పేరు పెట్టి మాత్రం పిలవలేదు. పాప ఆవిడ మెళ్లో టేపు పట్టుకుని వదలనంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను కంపెనీ మాట ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు. ఎంత గొప్ప మనిషి పక్కన కూర్చున్నానో అనుకుంటూ కూర్చున్నాను. దిగేటప్పుడు జిప్పు మళ్లీ తెంపుకోకు అన్నారు.

జూన్ 13

బ్యాగులక్క నుంచి కబురు లేదు. పీచ్ మిస్ట్ కింద రెండు లైన్లు రాశాను. చదివి నేనే కొట్టేశాను.

జూన్ 14, శుక్రవారం, మీటింగ్‌కి ముందు

ఊరికి ఆ చివరి పెయింట్ షాపతను ఫోన్ చేశాడు, చిరాగ్గా. ఒకావిడ రంగు కొంటోందట. ఏ రంగమ్మా అంటే తరళ అందట. బిల్లు ఎవరి పేరున అంటే మళ్లీ తరళ అందట. రంగు పేరు కాదు, మీ పేరు అంటే అదే మాట ఇంకా గట్టిగా అందట. నమ్మకపోతే కంపెనీకే ఫోన్ చేసుకోమందట. ఏం రాయమంటారు మేడమ్ అన్నాడు.

ఫోన్ ఆవిడకి ఇమ్మన్నాను. ఏం రాయమంటారండీ అని నేనూ అడిగాను.

నా పేరు నాకు రాయడానికి అంతసేపా అన్నారు తరళ గారు.