నిద్ర డాక్టరు కాడికి పోకముందు

ఆర్మూర్,
మిరుగు కార్తె వచ్చిన నాలుగోనాడు, బుధవారం.

యమునకు హన్మాండ్లు రాసేది ఏందంటె,

ఇంట్ల అందరం మంచిగనే ఉన్నం. అమ్మకు మోకాళ్ల నొప్పులు గట్లనే ఉన్నయి, కని పొద్దుగాల వాకిలి తనే ఊడుస్తది, వద్దంటె ఇనది. నందిని పరీక్షలు అయిపోయినయి. నువ్వు మస్కట్ల మంచిగ తింటున్నవని, పానం చూసుకుంటున్నవని అనుకుంటున్న. నువ్వు చూసుకునే ముసలవ్వకు జర నయమైందని సెలవుకొచ్చిన గంగాకిషన్ చెప్పిండు.

నీ ఉత్తరం గంగాకిషన్ తెచ్చిచ్చి పది రోజులైంది. ఆయనకు సెలవు అయిపోయింది, శుక్రవారం మల్ల మస్కట్ పోతుండు. ఆయన చేతికే గిది ఇస్తున్న. ఫోన్ల చెప్పొచ్చు గద అంటవు. ఫోన్ల నీ మొఖం కనిపిస్తది. కొన్ని మాటలు మొఖం చూసుకుంట చెప్పరాదు నాకు.

నువ్వు అడిగినవి చెప్త. ఎన్కింట్ల రేకులు మార్పించిన, ఇగ వాన పడ్డా కురువది. నందిని ఎమ్మెస్సీ చదువుతనంటుంది, నేను సరే అన్న. గురక తగ్గిందా అని అడిగినవ్. తగ్గలే. బండి పడ్డనాడు అడ్డమొచ్చిన కుక్క బతికిందా అని గూడ అడిగినవ్. దాని సంగతి కింద రాస్త.

ముందుగాల గురక సంగతి. పోయిన నెల ఒక ఆదివారం పగటి బువ్వ తిని మంచంల ఒరిగిన. నందిని ఫోన్ల వీడియో తీసింది. లేచినంక నా ముంగట పెట్టింది. నా గురక నేను ఇనుడు గదే మొదలు. రైస్‌మిల్లు లెక్క నడుస్తంది. నడిచి నడిచి బందైంది. ఛాతి లేస్తంది, పడుతుంది, ఊపిరి సప్పుడు మాత్రం లేదు. నందిని దగ్గరికొచ్చినట్టుంది, బొమ్మ కదులుతుంది. అటెన్క నీళ్లల్ల మునిగి తేలినోని లెక్క ఒక్కసారి ఎగపీల్చిన.

"ఇరవై ఆరు లెక్కపెట్టిన బాపు," అన్నది. "లేపుదామని చెయ్యి పెట్టేసరికి నువ్వే ఊపిరి తీసుకున్నవ్."

నాకు బీపీ గోలీలు రాసే డాక్టరుకు గా వీడియో చూపెట్టినం. నిద్రల ఊపిరి ఆగే రోగం కావచ్చు, నిజామాబాద్‌ల నిద్రకే వేరే డాక్టరమ్మ ఉన్నది, పోయి చూపెట్టుకోమన్నడు. నిద్రకు గూడ డాక్టరు ఉంటదని నాకు గప్పటిదాక తెల్వదు. వచ్చే మంగళారం పదకొండు గంటలకు రమ్మన్నరు.

దవాఖానోళ్లు నందిని ఫోన్‌కు ఒక కాయితం పంపిండ్రు. ఎప్పుడు పంటవు, ఎప్పుడు లేస్తవు రోజు రాసిపెట్టాలె. చాయ్ ఎన్నిసార్లు తాగుతవు, కల్లు తాగుతవా, ఏ గోలీలు మింగుతవు, అన్నీ రాయాలె. నీ నిద్ర చూసిన మనిషిని ఎంబడి తెచ్చుకోమన్నరు. గా మనిషివి నువ్వు, నువ్వేమో మస్కట్ల ఉన్నవ్. డాక్టరును అడిగేటియి గూడ ముందే రాసుకొని రావాల్నట, లోపలికి పోయినంక యాదికి రావని. నందిని నోట్‌బుక్ పట్టుకొని నా పక్కన కూసుంది.

"చెప్పు బాపు, ఏమేం అడుగుదాం?"

"గిది తక్కువైతదా అని రాయి. పరీక్ష ఇంట్లనే చేస్తరా, దవాఖానల పండాల్నా అని రాయి."

"మూతికి మిషన్ పెడ్తరట. అది జిందగీ అంత పెట్టుకోవాల్నా అని గూడ రాస్తున్న."

బియ్యం ఏరుకుంట కూసున్న అమ్మ తల ఎత్తలే. "మీ తాత గూడ గిట్లనే గురక పెట్టెటోడు. నిద్రలనే పోయిండు. గది అడుగుండ్రి," అన్నది.

నందిని రాసుడు ఆపింది. అటెన్క అది గూడ రాసింది.

కాయితం మీద ఇంకో వరుస ప్రశ్నలున్నయి. నందిని చదువుతుంది, నేను చెప్తున్న. టీవీ చూస్తుంటె కునుకు వస్తదా? వస్తది. బస్సుల కూసుంటె? వస్తది. ఎవరితోనన్న మాట్లాడుతుంటె? ఒక్కోసారి వస్తది. బండి నడుపుతుంటె?

"రాదు," అన్న.

నందిని "రాదు" అని రాసింది.

యమునా, గా ఒక్క మాట అబద్ధం. కుక్క బతికిందా అని అడిగినవు గద. అసలు కుక్కే లేదు.

కాముని పున్నమకు నాలుగు రోజుల ముందు దొంకేశ్వర్‌కెళ్లి పసుపు బస్తాలు ఏసుకొని వస్తున్నం. పగలు మూడు గంటలైతుంది. డీసీఎం లారీ నేను నడుపుతున్న, ఎంకటి ఎన్క బస్తాల మీద ఒరిగిండు. నా కండ్లు తెరిచే ఉన్నయనుకున్న. ముంగట రోడ్డు కనిపించింది, అటెన్క మక్కచేను కనిపించింది. నడిమిట్ల ఏం లేదు. బండి పక్కకు ఒరిగింది, ఎంకటి కాలు బస్తాల కింద ఇరిగింది. చేన్లకెళ్లి మంది ఉరికొచ్చి ఏమైంది అంటె, కుక్క అడ్డమొచ్చిందని నా నోట్లెకెళ్లి వచ్చింది. ఆలోచన చేసి అన్నది కాదు. కని అన్నంక మల్ల ఎన్కకు తీసుకోలే.

తొమ్మిదేండ్లసంది ఎంకటి నా బండి మీదనే హమాలీ. నేను చెప్పిందే నమ్మిండు. దవాఖానల చూడొచ్చినోళ్లందరితోని, "మూగజీవిని తప్పియ్యబోయి పడ్డం, మావోడు గట్లాంటోడు," అని చెప్పిండు. బండి బాగైనంక భీమన్న సేటు తన బండి తాళంచెవి మల్ల నా చేతిలనే పెట్టిండు. ఎంకటి కాల్ల రాడ్ ఉన్నది, బస్తా ఎత్తరాదు. ఇప్పుడు మార్కెట్ యార్డుల కూసొని బస్తాల మూతులు కుడుతుండు. అటెన్క గూడ బండి నడుపుతుంటె నాకు రెండుసార్లు గట్లనే కునుకు పడ్డది. ఇందల్వాయి కాడ ఒకపారి రోడ్డు అంచు మీద కండ్లు తెరిచిన.

నందిని "రాదు" అని రాసిన రాత నా కండ్లల్లనే ఉండె. శనివారం ఎంకటి ఇంటికి పోయిన. ఆయన భార్య చాయ్ తెచ్చింది.

"కుక్క లేకుండె ఎంకటి. నేను నిద్రపోయిన," అన్న.

ఆమె గిలాస నాకు ఇయ్యకుండ గట్లనే పట్టుకొని నిలవడ్డది. ఎంకటి చానసేపు తన కాలు దిక్కే చూసిండు.

"మూడు నెలలసంది గీ కాలు చూసుకుంట నా ఇంట్ల చాయ్ తాగినవ్," అన్నడు.

గిలాసకు చాపిన చెయ్యి ఎన్కకు తీసుకున్న.

"పో," అన్నడు. లేచి వచ్చిన.

అటే భీమన్న సేటు కాడికి పోయి తాళంచెవి ఇచ్చిన, డాక్టరు చెప్పేదాక నడుపనని. ఆయన మొఖం మాడ్చుకున్నడు, కని తీసుకున్నడు. ఇంటికొచ్చి నందినికి అంత చెప్పి, గా మాట కొట్టెయ్యమన్న. కొట్టేసి "వస్తది" అని రాసింది. రాసినంక అడిగింది:

"నన్ను బైక్ మీద కాలేజీకి దింపేటప్పుడు గూడ వచ్చిందా?"

"ఒకపారి," అన్న.

నోట్‌బుక్ మూసి లోపలికి పోయింది. తెల్లారి దోస్తు ఇంటికి బస్సుల పోయింది, బైక్ మీద దింపుమని అడుగలే.

నిన్న పొద్దుగాల ఎంకటి కర్ర పట్టుకొని ఇంటికొచ్చిండు. కూసోమంటె కూసోలే.

"డాక్టరు కాడికి ఎన్నడు?"

"వచ్చే మంగళారం. నందిని వస్తుంది."

"ఆ పిల్ల నువ్వు మంచంల పండుడే చూసింది. యార్డుల స్టీరింగ్ మీద తలవెట్టి నువ్వెట్ల పంటవో, ఎట్ల ఉలిక్కిపడి లేస్తవో నాకెర్క. నేనొస్త."

"నీ కాలుతోని బస్సుల ఎందుకు ఎంకటి..."

"నీ మీద ప్రేమతోని కాదు. నువ్వు సగం చెప్పి సగం మింగుతవ్. నేను పక్కన కూసుంట." నందిని దిక్కు చూసిండు. "ఈయన మల్ల బండి నడుపొచ్చా, నడుపొద్దా? గది రాసినవా బిడ్డా?"

రాయలే. అన్ని రాసినం గని గది రాయలే. నందిని నోట్‌బుక్ తెరిచింది.

"రాయకు," అన్నడు ఎంకటి. "అది నేను నోటితోని అడుగుత."

మంగళారం తొమ్మిది గంటల బస్సుకు ముగ్గురం పోతున్నం. నడుపొద్దంటె ఏం పని చేస్తనో ఇంకా ఆలోచన చెయ్యలే. నువ్వు తిట్టాలనుకుంటె తిట్టు, ఉత్తరంలనే తిట్టు, చదువుకుంట.

ఇట్లు,
నీ పెనిమిటి,
హన్మాండ్లు