తపాలు ఎవరి బల్లకు

జూన్ 9, సోమవారం

మేడం తిరిగి వచ్చేశారు. బదిలీ మీద ట్రిబ్యునల్ స్టే ఇచ్చిందట. ఇక కనబడరనుకున్న మనిషి — ఒక చేతిలో గొడుగు, టిఫిన్ డబ్బా, రెండో చేతిలో ఉత్తర్వు.

డైరెక్టర్ గదికి తాళం. కొత్త తాళం. మేడం స్థానంలో మద్రాసు నుంచి వచ్చిన ఇన్‌చార్జి సార్ శనివారమే వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుని ఊరెళ్ళారు. స్టే వస్తుందని ఎవరో ముందే చెప్పి ఉంటారు.

సూపరింటెండెంటు గారు గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డారు, అది ఏదో చెప్తుందన్నట్టు.

వరండాలో, గది తలుపు దాటాక, వచ్చేపోయేవాళ్ళ కోసం ఒక బల్ల ఉంది. మేడం దాని దగ్గరకు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఈడ ఫ్యాన్ ఉండాది గదా రేవతీ. చాలు."

మేడంది నగరి పక్క. నాతో తెలుగే.

నీళ్ళిద్దామనుకున్నాను. లేవలేకపోయాను. అటెండరు మునెమ్మక్క ఇచ్చింది, టీ తెచ్చే ట్రేలో పెట్టి, ఏ మార్పూ లేనట్టు.

జూన్ 10

ఇన్‌చార్జి సార్ వచ్చారు. తాళం తీసి లోపల కూర్చున్నారు. హెడ్డాఫీసు నుంచి తన పేరున కాగితం వచ్చేదాకా తానే డైరెక్టరట.

కేంద్ర ప్రభుత్వ భూములు చూసే ఆఫీసు. తిరువళ్ళూరులో ఒకటే. ఇప్పుడు దానికి ఇద్దరు డైరెక్టర్లు — ఏసీ గదిలో ఒకరు, వరండాలో ఒకరు.

తపాలు వేళయింది. వచ్చిన కవర్లు కోసి, ముద్ర వేసి, ఎర్రగుడ్డ ప్యాడులో పేర్చి, డైరెక్టర్ ముందు పెట్టడం నా పని. ఆకుపచ్చ సిరాతో వాళ్ళ పొడి సంతకం పడితేనే ఏ సెక్షనైనా ఆ కాగితాన్ని ముట్టుకుంటుంది. పడకపోతే అది వచ్చినట్టే కాదు. ఈ ఆఫీసులో డైరెక్టర్ అంటే కుర్చీ కాదు, ఆ ఆకుపచ్చ గీత.

"ఎవరికి సార్?"

సూపరింటెండెంటు గారు గొంతు తగ్గించారు. "గదిలోకే తీసకపోమ్మా. ఎప్పుడూ గదిలోకే గదా పోతాది."

తీసుకెళ్ళాను. మేడం కళ్ళ ముందే వెళ్ళాలి. టీ తాగుతున్నారు. నన్ను చూసి గ్లాసు దించారు, మళ్ళీ ఎత్తారు.

తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 11

బస్సులో పుస్తకం తెరిచాను. మా ఊరి స్టాపు కనకమ్మ సత్రంలో దిగేదాకా అదే పేజీ.

జూన్ 12

అన్నం దగ్గర మామ అడిగాడు. "ఏమ్మే, మీ ఆపీసులో ఇద్దురు పెద్దోళ్ళంట గదా. ఎవురు చెప్పింది చెల్లతాది?"

"తపాలు ఎవరు చూస్తే వాళ్ళది."

"ఆ తపాలు ఎవురు తీసకపోయేది?"

"నేను."

మామ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఓ యమ్మా! అట్లయితే డైరెక్టరు నువ్వే గదే!"

అమ్మ నవ్వలేదు. "మందబైలు సంగతేందో చెప్పు ముందు."

మందబైలు. ఎప్పుడో పటాలం గుడారాలు వేసుకోవడానికి తీసుకున్న బయలు. పటాలం పోయింది, భూమి కేంద్రానిదిగా మిగిలింది, గడ్డి మా ఊరి బర్రెలది. అది తమకు లారీలు నిలిపే యార్డుగా కావాలని ఒక కంపెనీ అడిగింది. ఎండాకాలంలో మేడం వద్దన్నారు. ఆ వెనకే బదిలీ. ఇన్‌చార్జి సార్ రాగానే దరఖాస్తుకు మళ్ళీ ప్రాణం వచ్చింది. అభ్యంతరాలు ఉంటే పంపండి, విచారణ పెడతాం అని ఊరి చావడికి నోటీసు అంటించి వెళ్ళారు.

"మేమందురం చేవ్రాలు పెట్టి పంపినాం," అంది అమ్మ. "నీ చేతికే వస్తాది. చూసుకో."

జూన్ 13

వచ్చింది. మా ఊరి అర్జీ. నేనే కవరు కోశాను. నేనే ముద్ర వేశాను. గదిలోకి నేనే తీసుకెళ్ళాను.

సార్ ఊరి పేరు చూశారు. అంతే చూశారు. మూలన ఆకుపచ్చగా "ముగించవచ్చు". విచారణ లేకుండానే అర్జీ అయిపోయింది. తర్వాతి కాగితం.

అమ్మ చేవ్రాలు కింది వరసలో ఉంది. అక్షరాలు కూడబలుక్కుని రాసినట్టు, ఒక్కొక్కటీ విడివిడిగా…

పక్కనే నిలబడి ఉన్నాను. ప్యాడు మూసి తెచ్చేశాను.

జూన్ 15, ఆదివారం

అమ్మకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. బర్రె వీపు రుద్దుతూనే ఉంది.

"ఇంగో అర్జీ పంపితే?"

"అదీ ఆయన ముందుకే పోతుంది."

"యాలా? ఆయన ముందుకి దానంతట అదే నడిచిపోతాదా?"

జూన్ 16

చిన్నప్పుడు తిరుత్తణి కాన్వెంటులో బడిగంట మోసేదాన్ని నేను. మాట్లాడని పిల్లకు సిస్టర్ ఇచ్చిన పని. పొడుగాటి వరండా, రెండు వైపులా తరగతులు, అందరి కళ్ళూ నా మీదే. ఏడ్చేశాను మొదటి రోజు. సిస్టర్ చెప్పింది — అటూ ఇటూ చూడకు, గంట పోయే దారిన నువ్వు పో.

ఈ రోజు ప్యాడు ఎత్తుకున్నాను. గంటలాగే పట్టుకున్నాను, ముందుకు చాపి.

గది తలుపు వచ్చింది. పోయింది.

"ఏమ్మా, యాడికి? గది ఇట్లుండాది!" వెనక సూపరింటెండెంటు గారు.

"తెలుసు సార్."

మేడం బల్ల మీద పెట్టాను. మేడం ప్యాడు వైపు చూశారు, నా వైపు చూశారు. కళ్ళద్దాలు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. పెన్ను మూత తీశారు.

"కూచో. నువ్వట్ల నిలబడుంటే నాకు రాయడానికి రాదు."

కూర్చున్నాను. రెండో కాగితమే మా ఊరిది. అమ్మ వాళ్ళు మళ్ళీ రాసి, ఈ ఉదయం మామ చేత ఆఫీసు తపాలు పెట్టెలో వేయించారు. మేడం చివరి పేరు దాకా చదివారు. మూలన ఆకుపచ్చగా "విచారణకు పెట్టండి".

గదిలో కాలింగ్ బెల్. మళ్ళీ. మళ్ళీ. మునెమ్మక్క తీరిగ్గా వెళ్ళి వచ్చింది.

"తపాలేదని అడగతా ఉండాడు. వరండాలో ఉండాది, వచ్చి చూసుకోండయ్యా అని చెప్పినా."

వరండా మొత్తం దగ్గింది. అది నవ్వేనని అందరికీ తెలుసు.

జూన్ 17

పిలిపించారు. సార్ తమిళంలో నెమ్మదిగా మాట్లాడారు. నెమ్మదిగా మాట్లాడే మనుషులే నాకు భయం.

నీది కాంట్రాక్టు ఉద్యోగం, తెలుసా. పొడిగించేది ఎవరో తెలుసా. నిన్న తపాలు ఎక్కడ పెట్టావు, ఎవరు చెప్పారు.

"ఎవరూ చెప్పలేదు సార్. ట్రిబ్యునల్ ఉత్తర్వు నోటీసు బోర్డు మీద ఉంది."

"ఏంటి? వినిపించలేదు. గట్టిగా చెప్పు."

చెప్పమన్నారు కదా. చెప్పాను. తలుపు తెరిచే ఉంది. నా గొంతు వరండా చివర కొట్టుకుని తిరిగి వచ్చింది. అంత గొంతు నాలో ఎక్కడుందో.

బయటికొస్తే టైపిస్టు కుమార్ అన్న లేచి నిలబడి ఉన్నాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియనట్టుంది.

జూన్ 18

లీజు సెక్షన్ ఫైళ్ళు వరండాకు వచ్చాయి.

జూన్ 19

సర్వే సెక్షన్ కూడా.

జూన్ 20

మునెమ్మక్క: "ఆ రూములో ఏసీ ఒగటే పన్జేస్తా ఉండాది పాపం."

జూన్ 23

సూపరింటెండెంటు గారు తన పాన్‌దాన్‌తో సహా మేడం బల్ల పక్కకు వచ్చి కూర్చున్నారు. "లోపల నాకు జలుబు జేస్తా ఉండాది మేడం."

"అవునా సార్? ఇన్ని రోజులు చేయలేదా?"

"ఇన్ని రోజులూ తట్టుకున్నా మేడం. ఇంగ తట్టుకోలేను."

మేడం నవ్వి కుర్చీ జరిపారు.

జూన్ 25

ఈ రోజు మొత్తం రాయాలి. చెయ్యి నొప్పి పుట్టినా సరే.

మందబైలు విచారణ. ఊరు ఊరంతా టెంపో ఎక్కి వచ్చింది. గదిలో అయితే ఊరి తరఫున ఒకరిద్దరిని లోపలికి పిలిచి, తలుపు మూసి, పది మాటలు రాసుకుని పంపేసేవారు. ఎప్పుడూ అంతే. మేడంను బయట పెట్టి గదికి తాళం వేసినప్పుడు సార్ ఇది ఆలోచించలేదు — వరండాకు తలుపు ఉండదు.

మెట్ల మీద, గోడ మీద, సైకిళ్ళ మీద మనుషులు. కంపెనీ మేనేజరు ల్యాప్‌టాప్‌తో వచ్చి బొమ్మలు చూపిస్తానన్నాడు. ఎండ వెలుతురుకు తెరలో ఏమీ కనబడలేదు. దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మూసేశాడు.

యార్డు వస్తే ఊళ్ళో కుర్రవాళ్ళకు ఉద్యోగాలన్నాడు.

మామ లేచాడు. "కాట్టుపల్లి హార్బర్లో అట్లే చెప్పినారు సామీ. గుమ్మిడిపూండిలో అట్లే చెప్పినారు. మా వోళ్ళు పొయినారు, కాంట్రాక్టు అయిపొయింది, ఇంటికొచ్చినారు. వచ్చినాక వాళ్ళకి కూడు పెట్టింది ఆ బర్రెలే."

మేనేజరు, బర్రెలకు వేరే చోటు చూస్తామన్నాడు.

అప్పుడు అమ్మ. కూర్చున్న చోటు నుంచే. "యాడ చూస్తావు నాయనా? నీ లారీ అంటే ఆడ నిలస్తాది, ఈడ నిలస్తాది, చెప్పిన మాట వింటాది. నా బర్రెకి నువ్వే చెప్పు, రేపట్నించి యాడికి పోవాలో. కండిప్పా, తప్పకుండా వింటాది, నువ్వు చదువుకున్నోడివి గదా."

ఒకటే నవ్వు. మేనేజరు కూడా నవ్వేశాడు, మంచివాడే. మేడం నవ్వలేదు. రాసుకుంటున్నారు.

గది తలుపు కొంచెం తెరుచుకుంది. ఇన్‌చార్జి సార్ చూశారు. ఇంతమందీ అటు తిరిగి చూశారు. తలుపు మూసుకుంది.

మేడం ఉత్తర్వు అక్కడే చెప్పారు, నేను రాసుకున్నాను. యార్డు దరఖాస్తు తిరస్కరించడమైనది. మందబైలు మేతభూమిగానే కొనసాగుతుంది. ఆకుపచ్చ సంతకం. తర్వాత కాగితం నా చేతికిచ్చి, "చదువు. తమిళంలో ఒగసారి, తెలుగులో ఒగసారి. మీ వోళ్ళకి నువ్వే చదవాల."

చదివాను. మొదటి వాక్యం ఎవరికీ వినిపించి ఉండదు. రెండోది మెట్ల దాకా. చివరిది గేటు దాకా వెళ్ళిందని మునెమ్మక్క అంటుంది.

ఈలలు. ఎవరో చెప్పు తెగేదాకా గెంతారు. అమ్మ పక్కావిడతో అంటోంది, నాకు వినబడింది — "నా బిడ్డే. ఇంట్లో అయితే కూరలో ఉప్పు లేదని కూడా నోరు తెరిచి చెప్పదు."

జూన్ 26

సత్రంలో బస్సు దిగితే టీ అంగడాయన టీ చేతికిచ్చాడు. అడగలేదు నేను. మామ ఇంటి ముందు నిలబడి ఊరికంతా వినబడేట్టు: "డైరెక్టరమ్మ వచ్చింది, దోవ ఇడవండి!"

సిగ్గుతో చచ్చాను. మళ్ళీ అంటే బాగుండుననిపించింది.

పుస్తకం ముందుకు కదిలింది. చాలా పేజీలు.

జూన్ 30

ట్రిబ్యునల్ స్టే మీద సార్ హెడ్డాఫీసు చేత అప్పీలు వేయించారు. ఆయన ఈ రోజు రాలేదు. గదికి తాళం అలాగే.

మేడం తపాలు చూస్తూ, తల ఎత్తకుండా, "నేను ఉన్నా ఉంటా, పొయినా పోతా. చెప్పలేం."

"మరి మందబైలు ఉత్తర్వు?"

"దాన్ని మార్చాలంటే మళ్ళీ నోటీసు ఇయ్యాల. మళ్ళీ ఊరిని పిలవాల." పెన్ను ఆపారు. "మీ అమ్మ ముందర మళ్ళీ ఎవురు కూచుంటారు రేవతీ?"

ఇద్దరం నవ్వుకున్నాం. వరండాలో, అందరి ముందూ.

జూలై 2

ఈనింది మా బర్రె. దూడకు మామ "మేడం" అని పేరు పెట్టాడు. మేడంకు చెప్పాలా వద్దా.

జూలై 3

చెప్పాను. "పాలు తాగతా ఉండాదా?" అని అడిగారు. అంతే. కానీ మధ్యాహ్నం దాకా ఆ నవ్వు ముఖం మీదే ఉంది.

జూలై 4, శుక్రవారం

అప్పీలు తేలే వరకు గది అప్పగించమని హెడ్డాఫీసు సార్‌కు చెప్పిందట. ఉదయమే సార్ డ్రైవర్ వచ్చి తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. "ఎవరికియ్యాలని సార్ చెప్పలేదు," అన్నాడు.

మేడం ఇంకా రాలేదు. తిరుత్తణి గుడికి పోయే కావడి జనంతో బస్సులన్నీ ఆలస్యం.

తాళం వేసిన గదిలో ఫోను మోగుతోంది.

ఆగింది. మళ్ళీ మోగింది. ఆ నంబరుకు చేసేది హెడ్డాఫీసు ఒకటే.

"ఎత్తొద్దమ్మా," సూపరింటెండెంటు గారు. "డైరెక్టరు ఎవురని అడిగితే ఏం చెప్పేది?"

మునెమ్మక్క చీపురు ఆపి నా వైపు చూస్తోంది.

తాళం తీశాను. లోపల చల్లగా, ఖాళీగా, మూసి ఉన్న వాసన. రిసీవర్ ఎత్తాను.

"డైరెక్టర్ ఉన్నారా?"

"ఉన్నారు. దారిలో ఉన్నారు."

"పేరు చెప్పండి."

మేడం పేరు చెప్పాను. పూర్తి పేరు, ఇనిషియల్‌తో సహా, గట్టిగా.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఒక్క నిమిషం, లైన్లో ఉండండి, అన్నారు.

రిసీవర్ భుజానికి ఆనించుకుని ఇది రాస్తున్నాను. తలుపు బార్లా తెరిచే ఉంది. వరండా అంతా నన్నే చూస్తోంది, చూడనీ. గేటు దగ్గర ఏదో గొడుగు…

ఇంకా లైన్లోనే ఉన్నాను.