తాత ఫోన్‌లో నా గొంతు

ఫిబ్రవరి 2, ఆదివారం

ఇంటరాక్షన్ డిజైన్ కోర్సులో ఏడో వారం. బెంగళూరు నుంచి సింధుజ మేడమ్ ఆన్‌లైన్‌లో చెబుతారు. ఈ వారం పాఠం: యూజర్ తప్పు చేయడు. తప్పు జరిగిందంటే అది డిజైన్‌ది. రెండుసార్లు రాసుకున్నాను. కాన్వెంట్‌లో పదేళ్ళూ ఏం జరిగినా తప్పు నాదే. అందుకేనేమో ఈ మాట నచ్చింది.

ఫైనల్ ప్రాజెక్ట్‌కు నిజమైన యూజర్ కావాలి. కొత్తవాళ్ళతో నాకు గొంతు పెగలదు. అమ్మ, మీ తాత లేడా, నువ్వు నోరు విప్పకున్నా అంతా ఆయనే మాట్లాడుతడు పో, అంది.

ఫిబ్రవరి 8, శనివారం

వికారాబాద్ నుంచి తాండూరుకు రైలు. అక్కడి నుంచి ఈరయ్య ఆటోలో తాత ఊరికి. జంగప్ప తాత, నాగవ్వ అవ్వ ఇంట్లో లేరు. ఎరువు కోసం ఎవరు పిలిస్తే వాళ్ళ చేనిలో గొర్రెల మందను పడుకోబెడతారు. మంద ఎక్కడుంటే వాళ్ళూ అక్కడే. నేనూ చేనికే పోయాను.

నా మొదటి ప్రశ్న: గొర్రెలు ఎన్ని? తాత నవ్వాడు. మందను లెక్కవెట్టి చెప్పొద్దు బిడ్డా, నోట్ల వడితె నిలువయి, అన్నాడు. ఫారంలో మొదటి గడి ఖాళీ.

రెండోది: కష్టమేంటి? పశువుల డాక్టర్. ఫోన్ చేస్తే ఎత్తడట. అందుకే గొర్రెకు బాగాలేకపోతే తాత ఆటోలో తాండూరు పోయి, డాక్టర్ ఎదురుగా నిలబడి, వెంటపెట్టుకుని వస్తాడు. గాయన నిన్ను జూస్తెనే లోపలికి ఉర్కుతడు, అంది అవ్వ. ఉర్కనీ, బయటికి ఒక్కటే తొవ్వ ఉన్నది, అన్నాడు తాత.

ప్రాజెక్ట్ దొరికింది.

ఫిబ్రవరి 19

ప్రోటోటైప్ అయింది. తాతకు చదువు రాదు కాబట్టి అక్షరాలన్నీ తీసేశాను. ఒక్కటే పెద్ద గుండ్రటి బటన్, దాని మీద గొర్రె బొమ్మ. నొక్కితే ఫోన్ వణుకుతుంది, స్క్రీన్ పచ్చగా మారుతుంది, గొంతు వినిపిస్తుంది. ఫీడ్‌బ్యాక్ గురించి మేడమ్ చెప్పిందంతా అందులో పెట్టాను. నొక్కిన మనిషిని అనుమానంలో ఉంచకూడదు.

గొంతు నాదే. పదకొండుసార్లు రికార్డ్ చేశాను. కబురు అందింది తాతా, డాక్టర్ వస్తుండు.

వెనక ఏమీ లేదు. కబురు ఎవరికీ పోదు. ప్రోటోటైప్ అంటే అంతే, చూడటానికి పనిచేస్తే చాలు.

ఫిబ్రవరి 22, శనివారం

టెస్ట్. రూల్: సాయం చేయకూడదు, వివరించకూడదు, నోరు మూసుకుని చూడాలి. జీవితంలో మొదటిసారి నాకు బాగా చాతనైన రూల్.

తాత నొక్కాడు. పచ్చబడింది. విన్నాడు. మళ్ళీ నొక్కాడు. నాగవ్వా, జర గిటు రా, ఇంట్ల నోరిప్పని పిల్ల గీన్ల ఎంత సక్కగ మాట్లాడుతుందో ఇను, అని కేకేశాడు. అవ్వ ఫోన్‌ను చెవికి ఆనించుకుని, ఆ బిడ్డా, అని జవాబిచ్చింది.

టెస్ట్ అయ్యాక ఇది నమూనా అని చెబుదామనుకున్నాను. ఈరయ్య హారన్ కొట్టాడు. రైలు టైమైంది. ప్రాజెక్ట్ కోసం బటన్ రెండు వారాలు ఆయన ఫోన్‌లోనే ఉండాలి. ఎన్నిసార్లు నొక్కాడో, ఎప్పుడు నొక్కాడో నా లాప్‌టాప్‌లో కనిపిస్తుంది.

ఫిబ్రవరి 24

తాతకు ఫోన్ చేసి చెప్పాలి.

ఫిబ్రవరి 27

చెప్పలేదు. చేశాను. తిన్నవా తాతా అని అడిగి పెట్టేశాను.

మార్చి 4, మంగళవారం, సాయంత్రం 5

ఈ రోజు ఇరవై మూడు ట్యాప్స్! మొదటిది ఉదయం 6:05. చివరిది మధ్యాహ్నం 2:40. ఊళ్ళో అందరికీ చూపిస్తున్నట్టున్నాడు. స్క్రీన్‌షాట్ మేడమ్‌కు పంపాను. ఇంత యూజర్ ఎంగేజ్‌మెంట్ మన బ్యాచ్‌లో ఎవరికీ లేదు అని జవాబు, పక్కన చప్పట్ల బొమ్మ.

సాయంత్రం 7

అమ్మకు ఈరయ్య ఫోన్ చేశాడు.

మార్చి 5

అమ్మతో పోయాను.

నిన్న తెల్లవారేసరికి గొర్రెలు తడిక తోసుకుని పక్క కల్లంలో జొన్నకుప్ప మీద పడ్డాయి. మితిమీరి తిన్నాయి. తాత లేచి చూసేసరికి కొన్ని పొట్టలుబ్బి కూలబడ్డాయి. బటన్ నొక్కాడు.

అవ్వ, ఆటో పిలుస్త, తాండూరు పోదాం పా అందట. తాత వద్దన్నాడట. పిల్ల జెప్తుంది గద, డాక్టర్ వస్తుండని. మనం గటు వోతె గాయన గిటొచ్చి మర్లిపోతడు, అన్నాడట. నూనె తాగిస్తూ, పొట్టలు రుద్దుతూ, మధ్యమధ్య నొక్కుతూ బాట వైపు చూశాడు. మధ్యాహ్నం అటుగా వచ్చిన ఈరయ్య సంగతి విని, తనే పోయి డాక్టర్‌ను తెచ్చాడు. పొద్దున్నే తెలిస్తే చాలావరకు బతికేవి అన్నాడట డాక్టర్. తనకు ఏ కబురూ రాలేదని ఒట్టేశాడట. తాత ఆయన చొక్కా పట్టుకున్నాడట. నా మనుమరాలు అబద్ధమాడదు, నువ్వే ఆడుతున్నవ్, అన్నాడట.

తాత గొంగడి పరిచి కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. చెప్పడానికే వచ్చాను.

పద్నాలుగు వోయినయ్, అన్నాడు. నేను అడగలేదు.

నువ్వైతె ప్రతిసారి జెప్పినవ్ బిడ్డా, గాయనే రాలే, అని నా తల నిమిరాడు.

తిన్నవా తాతా, అన్నాను.

మార్చి 9

మేడమ్‌కు అంతా రాశాను. చాలా బాధగా ఉంది అన్నారు. ఇది నమూనా అని టెస్ట్‌కు ముందే చెప్పాలి, రెండో వారం చెప్పాను కదా అన్నారు. నోట్స్ తీసి చూశాను. ఉంది. కింద గీత కూడా గీశాను.

ప్రాజెక్ట్ ఇంకా సబ్మిట్ చేయవచ్చట. చివరి గడి: నేనేం నేర్చుకున్నాను. యాభై పదాలు. టైప్ చేసి చెరిపేశాను. మళ్ళీ చెరిపేశాను.

మార్చి 12

యూజర్ తప్పు చేయడు.

మార్చి 15, శనివారం

తాత ఫోన్‌లో ఆ బటన్ ఇంకా ఉంది. ఇక్కడ ఒక్క క్లిక్ చేస్తే అక్కడ మాయమవుతుంది. కానీ అప్పుడు తాతకు ఫోన్ చెడిపోయిందనిపిస్తుంది, అంతే. డాక్టర్ అబద్ధాలకోరుగానే మిగిలిపోతాడు. రేపు మందకు ఏమైనా తాత ఆ మనిషి గడప తొక్కడు.

మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ, తిన్నవా తాతా.

తలుపు వేసుకుని కొత్తగా రికార్డ్ చేశాను. ఈసారి ఒక్క టేక్.

తాతా, ఈ బటన్ ఉత్తది. నొక్కితే ఎవ్వరికీ తెల్వదు. డాక్టర్‌కు ఏ కబురూ పోలేదు. ఆయన తప్పు లేదు. తప్పు నాది. గొర్లకు ఏమన్నా అయితే తాండూరు పో.

పాత గొంతు తీసి ఇది పెట్టాను. పచ్చరంగు కూడా తీసేశాను.

మార్చి 18, మంగళవారం

ఉదయం 6:12. నొక్కాడు.

6:13. మళ్ళీ.

6:20. మళ్ళీ.

ఇప్పుడు 7:05. నా ఫోన్ మోగలేదు.